జాడీ మీద లేబుల్ అతికినట్టు కనిపించాలంటే: వార్ప్‌లో పాయింట్లు, హ్యాండిల్స్ వాడే పద్ధతి

ఆవకాయ రోజులు వచ్చాయంటే నాకు జాడీల పని మొదలవుతుంది. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు ఒక జాడీ ఫోటో, ఒక లేబుల్ ఫైల్ వాట్సాప్‌లో పంపి, "ఇది దాని మీద అతికిస్తే ఎలా ఉంటుందో చూపించండి, బాగుంటేనే ప్రింటుకు ఇస్తాం" అంటారు. మొదటిసారి ఈ పని వచ్చినప్పుడు ఫోటోషాప్ వార్ప్‌లో (బొమ్మను రబ్బరు షీటులా వంచే సాధనం అది) 5 బై 5 గ్రిడ్ పెట్టి, పదుల కొద్దీ పాయింట్లను ఒక్కొక్కటే లాగుతూ మూడు గంటలు కూర్చున్నాను. పంపించాక ఆ పచ్చళ్ళావిడ ఒక్క చూపు చూసి, "అమ్మాయ్, లేబుల్ జాడీకి అంటుకోలేదే, ముందర నిలబడినట్టుంది. మధ్యలో ఉబ్బింది కూడా" అన్నారు. ఆవిడకు డిజైన్ పని తెలియదు. కానీ ఏళ్ళ తరబడి తన చేత్తో జాడీలు తుడిచి లేబుళ్ళు అంటించిన మనిషి. ఆ కంటిని ఒప్పించాలి మనం.

ఆ రోజు పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తెలియడానికి చాలా జాడీలు పట్టింది. పాయింట్లు ఎక్కువైతే పట్టు ఎక్కువవుతుందనుకున్నాను. నిజానికి పాయింట్ పెరిగిన కొద్దీ గతుకు పడే చోటు ఒకటి పెరుగుతుంది. జాడీ నడుము లాంటి సాఫీ వంపుకు నాలుగు మూలలు, వాటి ఎనిమిది హ్యాండిల్స్ చాలు. అవి ఎక్కడ ఉండాలో మాత్రం ఊహించకూడదు, కొలవాలి. ఈ వ్యాసంలో ఆ కొలతలే చెబుతాను.

నేను ఫోటోషాప్‌లో చెబుతున్నాను. వార్ప్ అందులో 2005 నాటి సీఎస్2 నుంచి ఉంది; గ్రిడ్‌ను మనకు కావాల్సిన చోట గీతలు వేసి విడగొట్టుకునే సదుపాయం 2019 చివర్లో విడుదలైన వెర్షన్‌తో వచ్చింది. ఉచితంగా దొరికే క్రిటాలో ట్రాన్స్‌ఫార్మ్ టూల్ కింద మెష్ ఉంది, ఇల్లస్ట్రేటర్‌లో ఎన్వలప్ మెష్ ఉంది, వీడియో మీద పని చేసేవాళ్ళకు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో బెజియే వార్ప్ ఉంది. బటన్లు వేరే చోట ఉంటాయి, లెక్క మాత్రం ఒకటే.

హ్యాండిల్ అసలు ఏం చేస్తుంది

మూలలో ఉన్న పాయింట్ చోటు చెబుతుంది: లేబుల్ మూల ఇక్కడే ఉండాలి అని. దాని నుంచి బయటికి వచ్చిన పుల్లలాంటి హ్యాండిల్ రెండు సంగతులు చెబుతుంది. అంచు ఆ మూల నుంచి ఏ దిక్కుకు బయల్దేరాలి, ఎంత వేగంతో బయల్దేరాలి. ఊరి నుంచి బండి బయల్దేరిందనుకోండి. మొదట అది హ్యాండిల్ చూపిన దారినే పోతుంది. హ్యాండిల్ పొడుగ్గా ఉంటే చాలా దూరం ఆ దారినే పట్టుకుని పోతుంది, పొట్టిగా ఉంటే త్వరగా అవతలి ఊరి వైపు తిరిగిపోతుంది. చేరే చోట కూడా అంతే: అవతలి మూల హ్యాండిల్ చూపిన దిక్కు నుంచే లోపలికి వస్తుంది.

చాలామంది ఇక్కడే తడబడతారు. హ్యాండిల్ కొనను అంచు తాకదు. రెండు వైపుల హ్యాండిల్స్‌ను సమానంగా కిందికి లాగితే, అంచు మధ్య భాగం అందులో సరిగ్గా ముప్పావు వంతు మాత్రమే దిగుతుంది. అంటే అంచు మధ్యలో 30 పిక్సెల్స్ వంగాలంటే రెండు హ్యాండిల్స్‌నూ 40 పిక్సెల్స్ దించాలి. కావాల్సిన వంపును నాలుగుతో హెచ్చించి మూడుతో భాగించండి. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, లాగి చూసి, వెనక్కి తెచ్చి, మళ్ళీ లాగే పని ఉండదు.

ఈ పుల్లలు కార్ల పరిశ్రమలో పుట్టాయి. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో ఈ పద్ధతి కనిపెట్టాడు, కంపెనీ దాన్ని బయటికి చెప్పనివ్వలేదు. రెనోలో పియర్ బెజియే 1960ల్లో విడిగా అదే చోటికి చేరి ప్రచురించాడు కాబట్టి పేరు ఆయనకు దక్కింది. కారు బానెట్ వంపును ప్లాస్టర్ అచ్చులతో కాకుండా కొన్ని అంకెలతో చెప్పడం వాళ్ళకు కావాల్సింది. రేకు మీద వెలుగు పడితే చిన్న గతుకు కూడా బయటపడుతుంది. అందుకే తక్కువ పాయింట్లతో సాఫీ వంపు రావడం ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. వార్ప్ గ్రిడ్‌లో ఒక గడి అంటే ఇలాంటి వంపులు అడ్డంగా, నిలువుగా అల్లిన ఒక ముక్క: నాలుగు మూలలు, ఎనిమిది హ్యాండిల్స్, లోపల నాలుగు, మొత్తం 16 పాయింట్లు.

కంప్యూటర్ తెరవక ముందు

ఫోటో బాగుంటే పని సగం అయినట్టే. ఫోన్‌ను జాడీకి దగ్గరగా పెట్టి తీస్తే మధ్య భాగం ఉబ్బి, అడుగు సన్నబడుతుంది. ఆ వంకరను వార్ప్‌తో అనుకరించడం కష్టం. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ చేసి తీయమని పంపేవాళ్ళకు ముందే చెబుతాను. ఫోన్ నిటారుగా ఉండాలి, జాడీ ఫ్రేమ్ మధ్యలో ఉండాలి.

తర్వాత దారం. జాడీ నడుముకు దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి కొలవమనండి. ఉదాహరణకు చుట్టుకొలత 28.3 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 3.14తో భాగిస్తే జాడీ వెడల్పు 9 సెంటీమీటర్లు. లేబుల్ వెడల్పు 9.4 అయితే అది చుట్టులో మూడో వంతు, అంటే 120 డిగ్రీలు ఆక్రమిస్తుంది. దాదాపు 7 సెంటీమీటర్లదైతే పావు వంతు, 90 డిగ్రీలు. 14.1 అయితే సగం చుట్టు, అంటే ముందు నుంచి కనిపించే భాగమంతా లేబులే.

ఎందుకింత కొలత అంటే, గుండ్రటి వస్తువు మీద అంటించిన కాగితం ముందు నుంచి చూస్తే దాని అసలు వెడల్పులో కనిపించదు. 9.4 సెంటీమీటర్ల లేబుల్ జాడీకి అంటించాక మనకు 7.8 సెంటీమీటర్లే కనిపిస్తుంది, మిగతాది పక్కలకు తిరిగిపోతుంది. జాడీ వెడల్పులో చూస్తే ఇది 87 శాతం. 90 డిగ్రీల లేబుల్ అయితే 71 శాతం. నా మొదటి లేబుల్ "ముందర నిలబడినట్టు" కనిపించడానికి మొదటి కారణం ఇదే. దాన్ని చదునుగా ఎంత ఉందో అంత వెడల్పుతో పెట్టేశాను.

గళ్ళ కాగితంతో మొదలు

అసలు లేబుల్‌ను ఇప్పుడే తేవద్దు. లేబుల్ సైజులోనే, 9.4 బై 6 సెంటీమీటర్లు, 300 రిజల్యూషన్‌తో కొత్త ఫైల్ తెరిచి అందులో చదరపు గళ్ళు వేయండి. గళ్ళ మధ్య వరుసలో పెద్ద సైజులో సున్నాలు టైప్ చేయండి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. మనసుకు ఎంత సర్దిచెప్పినా సున్నా అబద్ధం చెప్పదు. వంపు తప్పితే గళ్ళలో కొంత దాగుతుంది, గుండ్రంలో దాగదు. మన లిపి అంతా గుండ్రాలే కాబట్టి ఇక్కడ సున్నా బాగుంటే రేపు "ఆవకాయ" అన్న అక్షరాలూ బాగుంటాయి.

ఈ గళ్ళ ముక్కను జాడీ ఫోటో మీదికి తెచ్చి, లేయర్ మీద రైట్ క్లిక్ చేసి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి. ఈ మెట్టు దాటేయొద్దు. మామూలు లేయర్‌ను వార్ప్ చేసి ఎంటర్ కొడితే పిక్సెల్స్ అలాగే స్థిరపడిపోతాయి. మళ్ళీ తెరిస్తే గ్రిడ్ చదునుగా మొదటికి వస్తుంది, ప్రతిసారీ కాస్త మసక చేరుతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే పది రోజుల తర్వాత తెరిచినా హ్యాండిల్స్ మీరు వదిలిన చోటే ఉంటాయి.

ఇప్పుడు జాడీ వంపు చదవాలి. ఫోటోలో జాడీ నడుము 900 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకుందాం. మన పాత జాడీలకు ఒక సౌకర్యం ఉంది: పైన తేనె రంగు, కింద తెలుపు, మధ్యలో ఆ రెండు రంగులు కలిసే గీత. ఆ గీత జాడీ చుట్టూ తిరిగే గుండ్రం, కెమెరాకు అండాకారంగా కనిపిస్తుంది. ఎలిప్స్ టూల్ తీసుకుని లోపల ఖాళీగా, సన్నటి గీతతో, 900 వెడల్పు అండాన్ని ఆ గీత మీద కూర్చోబెట్టండి. అడుగు అంచు మీద ఇంకొకటి. రెండింటికీ ముందు వైపు వంపు ఎంత లోతుందో, అంటే అండం ఎత్తులో సగం, చూసి రాసుకోండి. నా ఉదాహరణలో రంగు గీత దగ్గర 12 పిక్సెల్స్, అడుగున 36. కెమెరా జాడీ కంటే కాస్త ఎత్తులో ఉంది కాబట్టి కిందికి పోయే కొద్దీ వంపు పెరుగుతుంది. కన్ను ఉన్న ఎత్తులో గీత తిన్నగా ఉంటుంది, అంతకంటే పైన ఉన్నవి తలకిందులుగా వంగుతాయి. లేబుల్ పై అంచుకు, కింది అంచుకు ఒకే వంపు ఇవ్వడం నేను చూసే తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది. ఫోటోషాప్‌లో ముందే తయారుగా ఉండే ఆర్చ్ లాంటి వంపులు వాడితే జరిగేదీ అదే.

లేబుల్ పై అంచు ఆ రెండు గీతల మధ్య దూరంలో పావు వంతు కింద, కింది అంచు ముప్పావు వంతు దగ్గర రావాలనుకోండి. 12 నుంచి 36 దాకా ఉన్న తేడాను అలాగే పంచితే పై అంచు దగ్గర 18, కింది అంచు దగ్గర 30 వస్తుంది. కానీ ఇది జాడీ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా ఉన్న పూర్తి వంపు. మన లేబుల్ 120 డిగ్రీలే కాబట్టి దాని మూలలకూ మధ్యకూ తేడా సరిగ్గా సగం: 9, 15. 90 డిగ్రీల లేబుల్ అయితే మూడో వంతు కంటే కాస్త తక్కువ. సగం చుట్టు లేబుల్ అయితే మొత్తం.

వార్ప్ చేద్దాం

కంట్రోల్ టీ నొక్కి, ముందు మామూలు ట్రాన్స్‌ఫార్మ్‌లోనే గళ్ళ ముక్కను 780 బై 600 పిక్సెల్స్‌కు (ఫోటోలో 9 సెంటీమీటర్లకు 900 పిక్సెల్స్ కాబట్టి) తెచ్చి, జాడీ మధ్యకు జరపండి. అటూ ఇటూ 60 పిక్సెల్స్ జాడీ మిగలాలి. గైడ్ గీతలు కావాలంటే ఇంతకు ముందే పెట్టుకోండి. ఇన్ఫో ప్యానెల్ తెరిచి ఉంచితే కర్సర్ ఎక్కడుందో అంకెల్లో కనిపిస్తుంది. ఇప్పుడు పైన ఆప్షన్స్ బార్‌లో వార్ప్ గుర్తు నొక్కండి. గ్రిడ్ డిఫాల్ట్‌లోనే ఉండనివ్వండి.

మొదట మూలలు. జాడీ నడుము నిటారుగా ఉంటే మూలలు ముట్టుకోనక్కర్లేదు. కిందికి సన్నబడే జాడీ అయితే అది ఎంత సన్నబడిందో అంత కింది రెండు మూలలను లోపలికి తేవాలి. మూలలు తేలకుండా హ్యాండిల్స్ జోలికి పోకండి, ఎందుకంటే మూల కదిపితే దాని హ్యాండిల్స్ వెంట వస్తాయి, కొలతలన్నీ మళ్ళీ చూసుకోవాలి.

పక్క అంచులు తర్వాత. నిటారు జాడీకి తిన్నగా వదిలేయండి. నడుము దగ్గర కాస్త బొద్దుగా ఉంటే రెండు నిలువు హ్యాండిల్స్‌నూ బయటికి లాగండి, ఇక్కడా నాలుగు మూడుల లెక్కే.

ఇప్పుడు కింది అంచు. ఎడమ మూల నుంచి కుడివైపుకు, కుడి మూల నుంచి ఎడమవైపుకు ఉన్న రెండు హ్యాండిల్స్‌నూ 20 పిక్సెల్స్ కిందికి దించండి. మధ్యలో 15 వంపు వస్తుంది. పై అంచు హ్యాండిల్స్‌ను 12 దించండి, 9 వస్తుంది. ఎలిప్స్ గీతలతో పోల్చి చూడండి, మధ్య భాగం వాటితో సమంగా నడవాలి.

ఇక్కడితో ఆగిపోయే పాఠాలే ఎక్కువ. గళ్ళు చూడండి: అన్నీ ఒకే వెడల్పులో ఉన్నాయి. అంచు వంగింది కానీ లేబుల్ తిరగలేదు. నిజమైన జాడీ మీద మధ్య గడి వెడల్పుగా, పక్కలకు పోయే కొద్దీ గళ్ళు ఇరుకుగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఉపరితలం మనకు దూరంగా తిరిగిపోతోంది. పచ్చళ్ళావిడ కన్ను పట్టుకున్నది ఇదే, ఆవిడ మాటల్లో పెట్టలేకపోయినా.

దీనికి కొత్త పాయింట్లు అక్కర్లేదు. హ్యాండిల్ పొడవు వేగం చెబుతుందన్నాను కదా. మూల దగ్గర వేగం తగ్గితే అక్కడ గళ్ళు దగ్గర దగ్గరగా పడతాయి. వార్ప్ మొదలైనప్పుడు అడ్డం హ్యాండిల్ లేబుల్ వెడల్పులో మూడో వంతు దూరంలో ఉంటుంది, అంటే 260 పిక్సెల్స్. 90 డిగ్రీల లేబుల్‌కు దాన్ని మూల నుంచి పావు వంతు దూరానికి తేవాలి. 120 డిగ్రీలకు ఐదో వంతు. సగం చుట్టు లేబుల్‌కు అడ్డం దూరం సున్నా, అంటే హ్యాండిల్ సరిగ్గా మూల కింద నిలువుగా వేలాడాలి. మన లేబుల్‌కు ఐదో వంతు అంటే 156 పిక్సెల్స్. నాలుగు అడ్డం హ్యాండిల్స్‌నూ ఎత్తు మార్చకుండా తమ మూలల వైపు 104 పిక్సెల్స్ జరపండి. ఎత్తు మారలేదు కాబట్టి వంపు అలాగే ఉంటుంది, గళ్ళు మాత్రం పక్కలకు సర్దుకుంటాయి. మొదటిసారి ఇది జరిగినప్పుడు చదునైన కాగితం నా కళ్ళ ముందే జాడీ చుట్టూ తిరిగినట్టనిపించింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

సున్నాల వరుస చూడండి. మధ్య సున్నా గుండ్రంగా ఉండాలి, చివరివి సన్నటి కోడిగుడ్డులా ఉండాలి. ఎడమ చివరి సున్నా, కుడి చివరి సున్నా అద్దంలో ప్రతిబింబంలా ఒకదానికొకటి సరిపోవాలి. ఒకటి ఎక్కువ ఒరిగితే ఆ వైపు హ్యాండిల్‌లో తేడా ఉంది. నిలువు గీతలు మధ్యలో అలలా కనిపిస్తే పై అంచు హ్యాండిల్స్, కింది అంచు హ్యాండిల్స్ అడ్డంగా వేర్వేరు దూరాల్లో ఉన్నాయని అర్థం. లోపలి భాగం పట్టుకుని లాగి సర్దాలనిపిస్తుంది. వద్దు, అంచు సరిచేయండి, లోపల అదే సర్దుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే ఒక ఆదివారం ఈ పని చేయండి. ఇంట్లో ఉన్న ఏ సీసాకైనా గ్రాఫ్ కాగితం ముక్క అంటించి ఒక ఫోటో, కాగితం తీసేసి ఫోన్ కదపకుండా ఇంకో ఫోటో తీయండి. రెండో ఫోటో మీద మీ గళ్ళు వార్ప్ చేసి, మొదటి ఫోటోను పైన సగం పారదర్శకంగా పెట్టి పోల్చండి. ఎక్కడ తప్పుతున్నారో మీ కాగితమే చూపిస్తుంది. నేను చూసిన వీడియోలన్నీ కలిపి నేర్పనిది ఆ ఒక్క గ్రాఫ్ కాగితం నేర్పింది.

జాడీ భుజం దగ్గర

నడుము దాటి పైకి పోతే జాడీ భుజం లోపలికి తిరుగుతుంది. అక్కడ ఒక గడి చాలదు, గ్రిడ్‌ను విడగొట్టాలి. ఎన్ని గీతలు అన్నది ముఖ్యం కాదు, ఎక్కడ అన్నది ముఖ్యం. వంపు తీరు మారే చోట ఒక గీత: నడుము ముగిసి భుజం మొదలయ్యే చోట. ఆప్షన్స్ బార్‌లో అడ్డంగా విడగొట్టే గుర్తు నొక్కి, బొమ్మ మీద ఆ ఎత్తులో క్లిక్ చేయండి. తప్పు చోట పడితే ఆ గీతను ఎంచుకుని డిలీట్ నొక్కితే పోతుంది. భుజం పైన మెడ దగ్గర వంపు మళ్ళీ బయటికి తిరిగితే అక్కడ ఇంకొకటి. అంతకంటే నాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

గీత వేశాక కొత్త పాయింట్లకు పైకీ కిందికీ రెండు నిలువు హ్యాండిల్స్ ఉంటాయి. ఆ రెండూ, మధ్యలో పాయింట్, మూడూ ఒకే తిన్నని గీత మీద ఉంటే వంపు సాఫీగా దాటిపోతుంది. పొడవులు వేరుగా ఉన్నా ఫర్వాలేదు, దిక్కు ఒకటి కావాలి. అది తప్పిందా, అక్కడ మడత పడినట్టు గాటు కనిపిస్తుంది. అట్టపెట్టె అంచు మీద డిజైన్ వేసేటప్పుడు మాత్రం ఆ గాటే మనకు కావాలి, అప్పుడు కావాలని రెండు హ్యాండిల్స్‌నూ రెండు దిక్కులకు తిప్పుతాం.

అయితే చేతనవుతుంది కదా అని కాగితం లేబుల్‌ను భుజం మీదికి ఎక్కించకండి. కాగితం ఒక దిక్కుకే వంగుతుంది. నడుము చుట్టూ ముడత లేకుండా తిరుగుతుంది, భుజం మాత్రం రెండు దిక్కులా వంగి ఉంటుంది, అక్కడ కాగితం ముడతైనా పడాలి, చిరగనైనా చిరగాలి. చదునైన దాన్ని సాగదీయకుండా గోళం మీద పరచలేమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లోనే నిరూపించాడు. సాఫ్ట్‌వేర్‌లో పిక్సెల్స్ రబ్బరులా సాగుతాయి కాబట్టి బొమ్మ బాగానే వస్తుంది, కానీ రేపు ప్రింట్ వచ్చాక ఆవిడ చేతిలో ముడతలు పడుతుంది. అందుకే నేను లేబుల్ పై అంచును భుజానికి అర సెంటీమీటరు కిందే ఆపేస్తాను, ఎందుకో ఆవిడకూ చెబుతాను. జాడీ మీద నేరుగా వేసే రంగుల డిజైన్ అయితే ఈ బాధ లేదు, భుజం మీదికీ మెడ మీదికీ నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు.

బట్ట సంగతి వేరు. చీర కుచ్చిళ్ళ మీద పోచంపల్లి డిజైన్ వేసి చూపించమని అడిగేవాళ్ళుంటారు. అక్కడ ప్రతి కుచ్చు గట్టు వెంట ఒక నిలువు గీత, ప్రతి లోతు వెంట ఒకటి వేసి పెద్ద మడతలను మాత్రమే వార్ప్‌తో పట్టుకోండి. చిన్న ముడతలకు డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఉంది. బట్ట ఫోటోను నలుపు తెలుపు చేసి, కాస్త మసకబరిచి, పీఎస్‌డీగా దాచి ఇస్తే అది ఆ వెలుగు నీడలను బట్టి పిక్సెల్స్‌ను జరుపుతుంది. మధ్యస్థ బూడిద రంగు, అంటే 128, ఉన్నచోట ఏమీ జరపదు. అంతకంటే ముదురువి ఒక వైపు, లేతవి ఇంకో వైపు జరుగుతాయి. ముడతలను హ్యాండిల్స్‌తో ఒక్కొక్కటే చేయబోతే రోజంతా పోతుంది, ఫలితం కూడా బట్టలా ఉండదు.

తప్పులు పట్టుకోవడం

ఒక అంచు రెండు హ్యాండిల్స్‌నూ మరీ పొడుగ్గా, అవతలి మూలలను దాటేలా లాగితే గళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి మడత పడతాయి. సగం చుట్టు లేబుల్‌కు మూలను దాటి బయటికి జరిపినా ఇదే. గళ్ళ కాగితం మీద ఇది వెంటనే కనిపిస్తుంది, అసలు లేబుల్ మీదైతే ఒక అక్షరం కొమ్ము మాయమయ్యాక గానీ తెలియదు.

కళ్ళు అలవాటు పడిపోయి తప్పు కనబడని సమయం ఒకటి వస్తుంది. అప్పుడు బొమ్మను అడ్డంగా తిప్పి అద్దంలోలా చూడండి. ఎడమ కుడి తేడా వెంటనే బయటపడుతుంది. తర్వాత బొటనవేలంత చిన్నది చేసి చూడండి. కొనేవాళ్ళు ఫోన్‌లో మొదట చూసేది ఆ సైజులోనే.

వంపు కుదిరాక వెలుగు నీడ. తెల్లటి జాడీ మీద పారదర్శక డిజైన్ అయితే లేయర్‌ను మల్టిప్లైలో (కింది రంగుతో కలిసి ముదురయ్యే బ్లెండ్ మోడ్) పెడితే సరిపోతుంది. కాగితం లేబుల్‌కు అది పనికిరాదు, కింద ఉన్న జాడీ రంగు కాగితంలోంచి కనిపించి మరకలా ఉంటుంది. లేబుల్‌ను నార్మల్‌లోనే ఉంచి, దానికి క్లిప్ చేసిన, అంటే లేబుల్ అంచు దాటి బయటికి పడని, కొత్త లేయర్‌ను మల్టిప్లైలో పెట్టి, జాడీ మీద నీడ ఏ వైపు ఉందో ఆ వైపు మెత్తటి బ్రష్‌తో ముదురు చేయండి. జాడీ మెరుపు లేబుల్ మీదికి అలాగే కొనసాగించకండి: జాడీ గాజులా మెరుస్తుంది, కాగితం అంత మెరవదు. లేబుల్ అంచు కింద ఒకటి రెండు పిక్సెల్స్ సన్నటి నీడ చాలు. ఎక్కువైతే మళ్ళీ లేబుల్ గాల్లోకి లేస్తుంది.

ఇప్పుడు గళ్ళ స్మార్ట్ ఆబ్జెక్ట్ బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేయండి. చదునైన గళ్ళ ఫైల్ విడిగా తెరుచుకుంటుంది. క్యాన్వాస్ సైజు మార్చకుండా అసలు లేబుల్‌ను దాని మీద పరిచి, గళ్ళ లేయర్‌ను దాచి, కంట్రోల్ ఎస్ కొట్టండి. జాడీ ఫైల్‌కు తిరిగి వస్తే లేబుల్ అదే వంపుతో, అదే ఇరుకుతో, అదే నీడతో అక్కడ ఉంటుంది. మర్నాడు గోంగూర లేబుల్ వస్తే మళ్ళీ అదే ఫైల్ తెరవడం, పరచడం, సేవ్ చేయడం. మాగాయ, ఉసిరి, చింతకాయ అన్నీ అలాగే. నేను గళ్ళ లేయర్‌ను ఎప్పుడూ తీసేయను, దాచి మాత్రమే ఉంచుతాను. ఎవరైనా కొత్త ఫోటో పంపి "ఈ జాడీ మీద" అంటే ముందు మళ్ళీ గళ్ళే పైకి తెస్తాను.